మోడ్రిస్: కన్నతల్లే కేసు పెట్టిన కుర్రాడు

యూరప్‌లోని లాత్వియా దేశపు సినిమా ‘మోడ్రిస్’ గురించి మన కోనసీమలో ఎవరైనా మాట్లాడుకోగా నేను వినలేదు, కానీ ఎదిగిన కొడుకున్న ప్రతి ఇంట్లోనూ ఇది చూడాలి. 2014లో వచ్చింది, దర్శకుడు యూరిస్ కుర్సియెటిస్‌కి ఇదే మొదటి ఫీచర్ సినిమా. నిజంగా జరిగిన సంఘటన నుంచి తీసుకున్న కథ. స్లాట్ మెషీన్ల (డబ్బులేసి ఆడే జూదం యంత్రాలు) పిచ్చి పట్టిన పదిహేడేళ్ల మోడ్రిస్ నడి చలికాలంలో ఇంట్లో ఉన్న ఎలక్ట్రిక్ హీటర్‌ని పట్టుకెళ్లి తాకట్టు పెట్టేస్తాడు. వాళ్లమ్మ పోలీసులకి ఫోన్ చేస్తుంది. బెదిరించడానికేలే అనుకుంటాం, తీరా చూస్తే కేసు కోర్టుదాకా వెళ్తుంది. జైలుకి పంపకుండా షరతులతో వదులుతారు, ఇక అక్కణ్ణుంచి వాడు ఏ చిన్న తప్పు చేసినా మనకే టెన్షన్.

మీ నాన్న జైల్లో ఉన్నాడు, నువ్వూ అలాగే తయారవుతావని తల్లి అంటూనే ఉంటుంది. మన దగ్గర ఆ మాట పడని పిల్లలెవరు? కుర్రాడు పక్కనే కూర్చుని అన్నం తింటూ ఉంటాడు, వచ్చిన చుట్టాలతో “అంతా వాళ్ల నాన్న పోలికేనండీ, రక్తం ఎక్కడికి పోద్ది” అనేస్తాం, వాడు తల ఎత్తడు, పెరుగు కూడా వేసుకోకుండా లేచిపోతాడు. అలాగని కుర్సియెటిస్ ఆ తల్లిని రాక్షసిలా చూపించలేదు. రేజియా కల్నిన్య ఆ పాత్రలో కోపంతోపాటు భయం కూడా కనిపించేలా చేసింది, ఒంటరిగా సంసారం ఈదే ఆడమనిషికి ఉండే భయం. నాకు బాగా నచ్చింది ఇదే.

సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరి పక్కన గుండాట బల్లల దగ్గర చూడండి, మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్లు అయిదొందల నోట్లు నిలువుగా మడిచి వేళ్ల మధ్య పెట్టుకుని నిలబడతారు, పోయిన డబ్బు తర్వాతి ఆటలో వచ్చేస్తుందని నిజంగా నమ్ముతారు. పండగ వెళ్లాక అదే ఆట ఫోన్‌లోకి వస్తుంది. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా 2025లో కేంద్రం చట్టం తెచ్చింది. మంచిదే. కానీ అప్పటికే అప్పు చేసినవాడి సంగతి ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. మన తల్లులు స్టేషన్‌కి వెళ్లరు, నాన్నకి తెలియకుండా గాజులు తాకట్టు పెట్టి అప్పు కడతారు. ఆ పిల్లాడితో కూర్చుని మాట్లాడటం మాత్రం అక్కడా లేదు, ఇక్కడా లేదు.

కుర్సియెటిస్ తర్వాతి సినిమా ‘ఒలెగ్’, 2019. బెల్జియంలో మాంసం ఫ్యాక్టరీలో పనికి వెళ్లి ఒక ముఠావాడి చేతిలో చిక్కుకున్న లాత్వియా మనిషి కథ. గల్ఫ్‌లో కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) చేతికి పాస్‌పోర్టు ఇచ్చేసి బతికినవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు కదా, వాళ్లకి అది వేరే దేశం కథలా అనిపించదు. ముందు ‘మోడ్రిస్’ చూడండి, వీలైతే కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని.