పిడి అన్నారు గానీ పిడికిలి కాదు

మా అమ్మాయిని విలువిద్య శిక్షణకు దింపి రావడానికి విజయవాడలోని ఒక మైదానానికి రోజూ ఉదయం వెళ్లేవాణ్ణి. నెల రోజులు గట్టు మీద కూర్చుని చూశాక, ఆ కూర్చునేదేదో విల్లు పట్టుకుని నిలబడితే పోలేదా అనిపించి, నలభై నాలుగో ఏట పిల్లల వరుసకు చివర చేరాను. మొదటి రోజు కోచ్ గారు వెనుక నుంచి అన్న మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి: "గ్రిప్ లూజ్‌గా ఉంచండి సార్, యాంకర్ తేలిపోతోంది, ఎల్బో పైకి." మాటలు చెవిన పడ్డాయి కానీ, వాటిలో ఏది నా ఒంట్లో ఎక్కడుందో తెలియలేదు. పక్కనున్న పదకొండేళ్ల కుర్రాడికి మాత్రం అదంతా ఇంట్లో మాట్లాడుకునే మాటలాగే ఉంది.

ఈ విద్యలో మాటలు తెలియకపోవడం చిన్న లోటు కాదు. బాణం వదిలేటప్పుడు మన తప్పు మనకు కనిపించదు. వెనుక నిలబడ్డవారు ఒక్క మాటలో చెప్పాలి, ఆ ఒక్క మాటకే మన ఒళ్లు సర్దుకోవాలి. నిజానికి ఆ మాటల్లో సగం మన భాషలో ఎప్పటి నుంచో ఉన్నాయి. అందుకే కొత్తగా మొదలుపెట్టేవారి కోసం, మైదానంలో వినిపించే మాటలనూ మనకున్న పాత మాటలనూ పక్కపక్కన పెట్టి, నేను పడ్డ తిప్పలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఏ విల్లు నేర్చుకోబోతున్నామో తెలుసుకోవాలి. ఒలింపిక్స్‌లో కనిపించేది రికర్వ్. దాని కొసలు విలుకాడికి ఎదురు దిశలో, ముందుకు వంగి ఉంటాయి. కొసల్లో బావి గిలకలాంటి, కానీ పూర్తిగా గుండ్రంగా కాక కాస్త కోలగా ఉండే క్యామ్‌లు బిగించినది కాంపౌండ్. దీని సొగసంతా లెట్ ఆఫ్ అనే గుణంలో ఉంది: 50 పౌండ్ల విల్లును చివరిదాకా లాగాక, లెట్ ఆఫ్ 80 శాతం అయితే చేతి మీద నిలిచే బరువు 10 పౌండ్లే. దీన్ని వేళ్లతో కాక రిలీజర్ అనే చిన్న మీటతో వదులుతారు. మా ఊరి వాళ్లకు ఈ తేడా చెప్పడం సులువు. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్. పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్ పోటీలో అంకిత భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచిన బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వ్. ఇద్దరూ విజయవాడ వాళ్లే. సురేఖ ఒలింపిక్స్‌కు ఎందుకు వెళ్లలేదని అడిగేవారికి జవాబు కూడా ఈ తేడాలోనే ఉంది. కాంపౌండ్‌కు ఒలింపిక్స్‌లో మొదటిసారి చోటు దక్కబోయేది 2028లో లాస్ ఏంజెలెస్‌లో, అదీ మిక్స్‌డ్ టీమ్ పోటీలో మాత్రమే. ఇవి కాక మన దేశంలో ఇండియన్ రౌండ్ ఉంది. వెదురు విల్లుతో 30, 50 మీటర్ల దూరాల నుంచి వేస్తారు, గురికి సాయపడే సైట్ వంటి హంగులేవీ ఉండవు. నేను నేర్చుకున్నది రికర్వ్ కనుక ఇకపై చెప్పేదంతా దాని గురించే.

రికర్వ్ విల్లు మూడు ముక్కలుగా సంచిలోంచి బయటికి వస్తుంది. మధ్యలో చేత్తో పట్టుకునే లోహపు భాగం రైజర్, దానికి పైనా కిందా బిగించే వంగే బద్దలు లింబ్స్. లింబ్ చివర నారి తగిలించే గాడి ఉన్న చోటును మనవాళ్లు వింటికొప్పు అన్నారు. నారినే అల్లెత్రాడు అని కూడా అంటాం. నారిని రెండు కొప్పులకూ తగిలించి విల్లును వంచడమే అసలైన 'ఎక్కుపెట్టడం'. ఇప్పుడు తుపాకీని కూడా ఎక్కుపెడుతున్నాం కాబట్టి ఆ మాటకు గురిపెట్టడం అనే అర్థం స్థిరపడింది కానీ, మైదానంలో రోజూ మొదటి పని పాత అర్థంలో ఎక్కుపెట్టడమే, చివరి పని దించడం. మోకాలితో తొక్కిపెట్టి ఎక్కుపెట్టబోతే లింబ్ మెలిపడుతుంది. స్ట్రింగర్ అనే తాడును రెండు కొసలకూ తొడిగి, కాలితో దాన్ని తొక్కిపట్టి విల్లును పైకి లాగాలి.

ఎక్కుపెట్టాక నారికీ పిడికీ మధ్య ఉండే ఎడాన్ని బ్రేస్ హైట్ అంటారు. 68 అంగుళాల వింటికి ఇది దాదాపు 8.5 నుంచి 9 అంగుళాల మధ్య ఉంటుంది. నారికి మరికొన్ని మెలికలు వేస్తే ఎడం పెరుగుతుంది, విప్పితే తగ్గుతుంది. కావ్యాల్లో అల్లెమోత వింటే శత్రువుల గుండెలు అదిరేవి. మాకు మాత్రం వింటి మోత పెరిగిందంటే బ్రేస్ హైట్ చూసుకోమని అర్థం. సరిగ్గా అమర్చిన విల్లు బాణాన్ని వదిలినప్పుడు చేసే చప్పుడు చాలా తక్కువ.

లింబ్ మీద రాసి ఉండే పౌండ్ల అంకె డ్రా వెయిట్, అంటే లాగడానికి పట్టే బలం. ఆ అంకె 28 అంగుళాల దాకా లాగినప్పటి లెక్క. అంతకంటే తక్కువ లాగేవారికి అంగుళానికి సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది. ఎంత లాగుతామన్నది డ్రా లెంగ్త్. దీన్ని తెలుసుకోవడానికి మన బార ఉంది కదా! రెండు చేతులూ చాచి కొసవేళ్ల మధ్య దూరం కొలిచి, దాన్ని 2.5తో భాగిస్తే దాదాపు మన డ్రా లెంగ్త్ వస్తుంది. నా బార 67 అంగుళాలు, నా లాగుడు 27కు కాస్త తక్కువ. కనుక నా 26 పౌండ్ల విల్లు నా చేతిలో 24 పౌండ్లకు కాస్త తక్కువే. మగవాడికి 26 పౌండ్లేమిటి, 36 తీసుకో అని సలహా ఇచ్చేవారు ప్రతి మైదానంలోనూ ఒకరుంటారు. వారిని నమ్మకండి. మొదటి ఆరు నెలల్లో నేర్చుకోవలసింది లాగడం కాదు, లాగి నిలపడం.

ఇక బాణం. కాడ షాఫ్ట్, ముందున్న ములికి పాయింట్, వెనుక నారిలో కూర్చునే చీలిక నాక్. 'ములుకుల్లాంటి మాటలు' అన్నప్పుడు మనకు గుచ్చుకునే ములుకు ఈ ములికే. వెనుకవైపు పింజకు ఒకప్పుడు ఈకలు కట్టేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ వేన్లు అతికిస్తారు. మూడింటిలో ఒకటి వేరే రంగులో ఉంటుంది. రైజర్‌కు తగలకుండా దాన్ని బయటివైపుకు ఉంచి నాక్‌ను నారికి తొడగాలి. నారి మీద ఎక్కడ తొడగాలో చూపే చిన్న ముడి నాకింగ్ పాయింట్.

ఇంతవరకు పేర్లే. నా డబ్బూ నాలుగు నెలల కాలమూ తినేసిన మాట వేరే ఉంది: స్పైన్. ఒక దుకాణంలో బాణాలు అడిగితే, కార్బన్ బాణాలనీ మంచి సరుకనీ చెప్పి అరడజను చేతిలో పెట్టారు. వాటి మీద 400 అని రాసి ఉంది. అది కంపెనీ మోడల్ నంబరేమో అనుకున్నాను. కాడ ఎంత వంగుతుందో చెప్పే అంకె అది. 28 అంగుళాల దూరంలో ఉన్న రెండు ఆధారాల మీద కాడను ఉంచి, నడిమధ్యన 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే, అంగుళంలో వెయ్యింట ఎన్నో వంతు కిందికి వంగుతుందో అదే స్పైన్. 400 అంటే 0.4 అంగుళం, 1000 అంటే పూర్తిగా ఒక అంగుళం. కాబట్టి అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన, తగ్గేకొద్దీ గట్టి. మెత్తనిది నాసిరకం, గట్టిది మేలురకం అనుకోవడం కొత్తవారు చేసే పొరపాటు, నేనూ చేశాను.

బాణం వంగడం ఎందుకంటే, అది వింటిలోంచి తిన్నగా పోదు. వేళ్ల మీంచి జారేటప్పుడు నారి కొద్దిగా పక్కకు తప్పుకుని వెళుతుంది, వెనుక నుంచి తోపు, ముందు నుంచి ములికి బరువు; రెండింటి మధ్య కాడ చేపలా మెలికలు తిరుగుతూ రైజర్ పక్కనుంచి జారుకుంటుంది. ఈ వంపు వింటి బలానికి సరిపోవాలి. కుడిచేత్తో లాగేవారికి కాడ మరీ గట్టిదైతే బాణం ఎడమకు పోతుంది, మరీ మెత్తనైతే కుడికి. నా 24 పౌండ్ల వింటికి దాదాపు 1000 స్పైన్ కావాలి. నేను వాడుతున్నది 400. బాణాలన్నీ ఎడమకే పోయేవి. బాణం ఎటు పోతే సైట్‌ను అటు జరపాలన్నది మొదటి వారంలోనే నేర్పుతారు. ఎడమకు జరిపాను, మళ్లీ జరిపాను, చివరికి సైట్ మరలో జరపడానికి ఇక చోటు లేకుండా పోయింది. తప్పంతా నా వేళ్లదే అనుకుని వేల బాణాలు వేశాను. ఒకరోజు కోచ్ గారు ఒక బాణానికి వేన్లన్నీ పీకేసి, మామూలు బాణాలతో పాటు దాన్నీ వేయించారు. దాన్ని బేర్ షాఫ్ట్ పరీక్ష అంటారు. 18 మీటర్ల నుంచి వేసిన ఆ బోడి బాణం మిగతా వాటికి జానెడు ఎడమగా గుచ్చుకుంది. ఆయన అటు చూసి, బాణం మీది అంకె చదివి, "ఇవెవరిచ్చారండీ మీకు?" అన్నారు. ఆ అరడజను బాణాలూ ఇంకా బీరువా మీదే ఉన్నాయి.

వింటికి తగిలించే సామానులో సైట్ గురికి సాయం. ముందుకు పొడుచుకొచ్చే పొడవాటి కడ్డీ స్టెబిలైజర్, విల్లు ఊగకుండా నిలపడానికి. ప్లంజర్ అనే స్ప్రింగు గుండీ రైజర్‌లోంచి బాణం పక్కకు ఆని ఉంటుంది. ఒంటి మీద వేసుకునేవాటిలో ముఖ్యమైనవి రెండు. వేళ్లకు నారి కోసుకోకుండా తోలు ట్యాబ్, ముంజేతికి నారి దెబ్బ తగలకుండా ఆర్మ్ గార్డ్. ఈ రెండోదానికి అమరకోశంలో గోధ అనే పేరుంది. ఉడుముకూ సంస్కృతంలో అదే పేరు. అమరకోశంలో విలువిద్య మాటలు చదవడం నాకు మైదానం నేర్పిన సరదా. వింటి నడుమ పట్టుకునే చోటుకు లస్తకం అనీ, నిలబడే తీరులు ఐదనీ, వాటిలో ఆలీఢం, ప్రత్యాలీఢం అనేవి ఉన్నాయనీ అందులో ఉంది. శరాభ్యాసానికి ఉపాసనం అని పేరు చెప్పడం చూసి మాత్రం కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. బాణం లేకుండా నారిని లాగి వదలకూడదు. బాణం మోసుకుపోవలసిన బలమంతా తిరిగి లింబ్స్ మీదే పడి అవి పగిలిపోవచ్చు. ఇంటికి వచ్చిన చుట్టాలు విల్లు చూడగానే మొదట చేసే పని ఇదే.

ఇక ఒంటి సంగతి. నిలబడే తీరు స్టాన్స్: అడుగుల గీతకు అటొక కాలు ఇటొక కాలు, భుజాల వెడల్పున. గ్రిప్ దగ్గరే నేను ఎక్కువగా తడబడ్డాను. పిడి అనగానే పిడికిలి బిగించడం మన చేతికి అలవాటు, కత్తిపీటైనా కొడవలైనా అలాగే పడతాం. వింటి పిడిని మాత్రం పట్టుకోకూడదు, ఆనించుకోవాలి. బొటనవేలి కిందనున్న కండ మీద, అరచేతిలోని ఆయుర్దాయ రేఖకు ఇవతలివైపు బరువు మోపి, మిగతా వేళ్లను వదులుగా ఉంచాలి. బిగిస్తే వదిలే క్షణంలో మణికట్టు తిరిగి బాణం పక్కకు పోతుంది. మరి విల్లు కింద పడదా అంటే, అందుకే వేళ్లకో మణికట్టుకో స్లింగ్ అనే తాడు కట్టుకుంటారు. విల్లు నిజంగానే చేతిలోంచి ముందుకు దూకాలి. దూకనిచ్చే ధైర్యం రావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నారిని మూడు వేళ్ల మొదటి కణుపు దగ్గర తగిలించుకోవడం హుక్. లాగి తెచ్చి ఆపే చోటు యాంకర్. పురాణాల్లో వీరులందరూ ఆకర్ణాంతం లాగుతారు; మేము దవడ కిందే ఆపుతాం. చూపుడువేలు దవడ ఎముక కింద గట్టిగా ఆని, నారి గడ్డం నడుమా ముక్కు కొసా తాకాలి. కంటికీ బాణం తోకకూ మధ్య ఎడం ప్రతిసారీ ఒకేలా ఉండటానికి ఇంతకంటే నమ్మకమైన కొలత లేదు. ఒక మిల్లీమీటరు పైకి కిందికి అయినా దూరాన తేడా తెలిసిపోతుంది. 'యాంకర్ తేలిపోతోంది' అంటే నా చేతికీ దవడకూ మధ్య గాలి ఆడుతోందని అర్థం. నారి గడ్డాన్ని నొక్కే ఆ చల్లని గీత ఒకసారి అలవాటైతే, అది లేనిదే వేళ్లు వదలవు.

యాంకర్ చేరాక ఆగిపోకుండా వెన్ను కండరాలతో ఇంకొంచెం సాగాలి, అది ఎక్స్‌పాన్షన్. అనుభవం వచ్చినవారు రైజర్‌కు క్లిక్కర్ అనే పల్చటి రేకు పెట్టుకుంటారు. బాణం దాని కింద ఉంటుంది, లాగుడు పూర్తయి ములికి జారిపోగానే రేకు టక్కుమంటుంది, అదే వదలమని గుర్తు. నాకు ఇంకా క్లిక్కర్ ఇవ్వలేదు. కానీ పక్క కుర్రాడి క్లిక్కర్ మోగినప్పుడల్లా నా వేళ్లు వదిలేస్తున్నాయి, దానికి మందేమిటో ఎవరూ చెప్పడం లేదు.

వదలడం రిలీజ్. వేళ్లు తెరవడం కాదిది, పట్టుకోవడం మానేయడం. చెయ్యి బయటికి ఎగిరితే దాన్ని ప్లకింగ్ అంటారు, వీణ మీటినట్టన్న మాట. సరిగ్గా వదిలితే చెయ్యి మెడను రాసుకుంటూ తనంత తానే వెనక్కి జరిగి చెవి కింద ఆగుతుంది. ఆ చివరి కదలికకు ఫాలో త్రూ అని పేరు. మనం ఆపిన ఆకర్ణాంతం బాణం వెళ్లిపోయాక పూర్తవుతుందన్న మాట.

లక్ష్యం మీద బయటి నుంచి లోపలికి తెలుపు, నలుపు, నీలం, ఎరుపు, పసుపు, ఒక్కో రంగులో రెండేసి వలయాలు. ఒలింపిక్ దూరం 70 మీటర్లు, కాగితం వ్యాసం 122 సెంటీమీటర్లు, పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు, అంటే ఒక పాత సీడీ అంత. బాణం గీతను తాకితే ఎక్కువ అంకె ఇస్తారు. రెండు విజిళ్లకు గీత మీదికి రావాలి, ఒక విజిల్‌కు వేయడం మొదలుపెట్టాలి, మూడు విజిళ్లకు బాణాలు తెచ్చుకోవడానికి నడవాలి. ఒక విడతగా వేసేవాటిని ఎండ్ అంటారు. అంకెలను పెద్దదాని నుంచి చిన్నదానికి చదవాలి, లక్ష్యాన్ని తాకనిది 'ఎం'. నిన్న 30 మీటర్ల దగ్గర నా ఆఖరి ఎండ్‌ను ఆ పదకొండేళ్ల కుర్రాడే చదివి రాశాడు: తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఏడు, నాలుగు, ఎం. "ఆ ఎం నా క్లిక్కర్‌దే కదా అంకుల్?" అన్నాడు.