అగ్గిపెట్టెలో గద్వాల

సంక్రాంతి పోయిన వారానికి మిర్యాలగూడలో బయల్దేరాం, నేనూ మా బావా. బండి బావది, కెమెరా నాది. పన్నెండు రోజుల్లో పాలమూరంతా తిరిగి, నల్లమల మీదుగా సాగర్‌కి దిగి, చివర్లో పానగల్లు చూసుకుని ఇంటికి రావాలని లెక్క. సర్దుకున్న సామానులో 64 జీబీ కార్డు ఒకటి, 32 జీబీ కార్డు ఒకటి, ఒక టీబీ హార్డ్ డిస్కు, పాత లాప్‌టాప్ ఉన్నాయి. ఆ లాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి రెండేళ్లయింది. ప్లగ్గులో ఉన్నంతసేపే దానికి ప్రాణం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పని ఉంది.

మొదటి రోజే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర లెక్క తప్పింది. ఏడు వందల ఏళ్లదని చెప్పే చెట్టు, మూడెకరాల దాకా పాకింది. 2018లో చెదలు తినేస్తుంటే కొమ్మలకి సెలైన్ సీసాలు కట్టి మందెక్కించిన చెట్టు ఇదే. నేను ఊడలు చూస్తుంటే బావ కెమెరా తీసుకుని 4కేలో వీడియో మొదలుపెట్టి, చెట్టు చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు ఇరవై నిమిషాలు తిరిగొచ్చాడు. మా కెమెరాలో ఆ వీడియో నిమిషానికి 750 ఎంబీ తింటుంది. అంటే ఒక్క చెట్టుకే 15 జీబీ. అందులో సగం బావ చెప్పులే. అయినా అప్పటి నుంచి నాకు కార్డు నిండిపోతుందేమోనని టెన్షన్ పట్టుకుంది.

ఆ టెన్షన్‌లోంచే ఒక పాడు అలవాటు పుట్టింది. రోజూ రాత్రి లాడ్జిలో కార్డులోవన్నీ డిస్కుకి ఎక్కించడం, పొద్దున్నే కార్డు ఫార్మాట్ చేసేయడం. నేను రా (RAW) ఫైళ్లే తీస్తాను, అంటే కెమెరా ఏమీ దిద్దని ముడి ఫోటోలు, ఒక్కోటి 28 ఎంబీ అటూ ఇటూ. 64 జీబీ కార్డులో ఎంత లేదన్నా రెండు వేలు పడతాయి. నేను రోజుకి తీసేది నాలుగు వందలు. అంటే చెరపాల్సిన అవసరమే లేదు. కానీ పొద్దున కెమెరా ఆన్ చేయగానే ఖాళీ కార్డు కనబడితే అదో తృప్తి, కడిగి బోర్లించిన గిన్నెల్ని చూసినట్టు.

రెండో రోజు చూసిన కోయిల్‌సాగర్ ప్రాజెక్టు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మబ్బు పట్టింది. మూడో రోజు ముడుమాల వెళ్లాం. కృష్ణ ఒడ్డున, నారాయణపేట జిల్లాలో, మనిషికి రెండింతల ఎత్తున్న నిలువురాళ్లు పొలాల మధ్య నిలబడి ఉంటాయి. మూడు వేల ఏళ్లకు పైబడినవి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకి కూడా ఎక్కాయి. అక్కడ ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి, సప్తర్షి మండలం అంటారు. నడినెత్తిన ఎండ ఉంటే ఆ గుంటలు కనబడనే కనబడవు. సాయంత్రం ఏటవాలు వెలుగు పడ్డాక ఒక్కో గుంటలో నీడ నిండుతూ వచ్చింది. ఆ నీడలు నిండేదాకా కూర్చున్నాం. బావ విసుక్కోకుండా కూర్చున్నది ఈ యాత్ర మొత్తంలో అక్కడొక్కచోటే.

నాలుగో రోజు గద్వాల. కోటా, చెన్నకేశవస్వామి గుడీ చూసి, మధ్యాహ్నం ఒక నేతగాళ్ల ఇంటికి వెళ్లాం. గుంట మగ్గం. తాత కాళ్లు గుంటలో ఉన్నాయి, పక్కన మనవడు. గద్వాల చీర తెలుసు కదా, ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కుట్టి కలిపినవని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. దారాన్ని అటూ ఇటూ మోసుకెళ్లే నాడెలు మూడు ఆడతాయి, నడుమ నూలుకి ఒకటి, అటూ ఇటూ అంచులకి రెండు. ప్రతి పోగు దగ్గరా నూలు దారం వెళ్లి పట్టు దారాన్ని చుట్టుకుని వెనక్కి వస్తుంది. కుప్పడం అంటారు దీన్ని. తాత బొటనవేలు, చూపుడువేలు ఆ కలిసే చోట ఒక్క క్షణం ఆగుతున్నాయి. ఆగినట్టు కూడా తెలీదు. ఆ ఆగే క్షణం కోసం నలభై ఫోటోలు తీశాను. చివరికి ఒకటి పడింది. తెర మీద పెద్దది చేసి తాతకి చూపించాను. ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని చాలాసేపు చూసి, “నా చెయ్యి గిట్లుంటదా నాయినా” అన్నాడు.

వచ్చేటప్పుడు మామూలు కథే చెప్పాడు, గద్వాల చీర మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందని. బావ వెంటనే జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. తాత నవ్వి, “అమ్మేటప్పుడు సూపెడతా” అన్నాడు. మనవడు ఫోటోలు పంపమని నంబరిచ్చాడు.

ఆ రాత్రి లాడ్జిలో కార్డు పెట్టాను. 412 ఫోటోలు, పదకొండున్నర జీబీ. సగం ఎక్కాయో లేదో కరెంటు పోయింది. లాడ్జికి ఇన్వర్టర్ ఉంది, కానీ బల్బుకీ ఫ్యానుకే. ప్లగ్గుకి లేదు. లాప్‌టాప్ టప్పున ఆరిపోయింది. అరగంటకి కరెంటొచ్చింది. మళ్లీ ఆన్ చేసి మళ్లీ కాపీ పెడితే, “ఈ ఫైళ్లు అక్కడ ముందే ఉన్నాయి, ఏం చేయమంటావు” అని అడిగింది. నిద్రమత్తులో స్కిప్ కొట్టాను. ఉన్నవి వదిలేసి మిగతావి ఎక్కించుకుంది. చివర్లో లెక్క చూశాను. కార్డులో 412, డిస్కులో 412. సైజు కూడా సరిపోయింది. హాయిగా పడుకున్నాను.

మోసం ఆ లెక్కలోనే ఉంది. కాపీ మొదలవగానే కంప్యూటర్ ముందు ఫైలు పేరు రాసి, దానికి కావల్సినంత జాగా పట్టేస్తుంది. సరుకు తర్వాత నింపుతుంది. అప్పుడే ఎక్కినట్టు చూపించినవి కూడా కొన్ని ఇంకా డిస్కు తాత్కాలిక మెమరీలోనే ఉంటాయి. మధ్యలో కరెంటు పోతే పేరూ సైజూ మిగులుతాయి, లోపల మాత్రం ఏమీ ఉండదు. రేషన్ కార్డులో పేరుండి ఇంట్లో మనిషి లేనట్టు. స్కిప్ కొట్టినప్పుడు కంప్యూటర్ చూసేది పేరునే. నేను రిప్లేస్ కొట్టి ఉంటే ఇంకో ఇరవై నిమిషాలు పట్టేది, అంతే.

అయిదో రోజు పొద్దున్న అలంపూర్‌లో, అలవాటు ప్రకారం, కార్డు ఫార్మాట్ చేశాను.

అలంపూర్ గురించి చెప్పకుండా ఉండలేను. పేరుకి నవబ్రహ్మ ఆలయాలు, ఉన్నవన్నీ శివాలయాలే. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. బాదామి చాళుక్యుల కాలపు పని, ఏడు, ఎనిమిదో శతాబ్దాల నాటిది. చాలావాటి శిఖరాలు మన వైపు గోపురాల్లా కాకుండా ఉత్తరాది గుళ్లలా వంపు తిరిగి పైకెళ్తాయి, నెత్తిన ఉసిరికాయ ఆకారంలో చక్రం. ఊరి బయట కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని కృష్ణా తుంగభద్రలు కలిసే చోటు నుంచి రాయీ రాయీ విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. అప్పుడు దాన్ని మామూలుగానే చూశాను. రాత్రి తలుచుకుంటే సిగ్గేసింది. వాళ్లు గుడికి గుడినే చోటు మార్చారు, నేను నాలుగు వందల ఫోటోలు మార్చలేకపోయాను.

అక్కడ రెండు వందల ముప్పై పైచిలుకు తీశాను. చివరి నాలుగూ తుంగభద్ర మెట్ల మీద బావవి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని. “ఇంకోటి, ఇంకోటి బామ్మర్దీ” అని నాలుగు తీయించుకున్నాడు.

పెబ్బేరు మీదుగా కొల్లాపూర్ చేరి, రాత్రి ఆ నేతగాళ్ల అబ్బాయికి ఫోటోలు పంపుదామని గద్వాల ఫోల్డర్ తెరిచాను. 6117 నంబరు ఫోటో దాకా బాగున్నాయి. 6118 తెరుచుకోలేదు. 19, 20, 21, 22, 23 కూడా తెరుచుకోలేదు. 6124 తెరుచుకుంది, పైన మగ్గం, కింద సగం బూడిదరంగు. 6125 నుంచి మళ్లీ మామూలే. పోయినవి ఏడు. తాత చేతులు 6121.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నేను చేసిన ఒక్క తెలివైన పనేంటంటే, కార్డు బయటికి తీసి, పక్కనున్న చిన్న బొత్తాన్ని లాక్ వైపు జరిపాను. మామూలు ఫార్మాట్‌తో ఫోటోలు వెంటనే పోవు. ఇంటి నంబరు పలకలు పీకేసినట్టవుతుంది, ఇళ్లు అలాగే ఉంటాయి. కొత్తవి తీస్తేనే ఒక్కో ఇల్లూ కూలుతుంది. మామూలుగా కార్డు మొదట్నుంచే కూలుతూ వస్తుంది. నేను అప్పటికే రెండు వందల ముప్పై చిల్లర కూల్చాను. ఏడూ ఎక్కడున్నాయా అని వేళ్ల మీద లెక్క వేశాను. ఆ రోజు మొదటి ఫోటో 5886. అంటే 6118 అన్నది 233వ ఇల్లు. సరిగ్గా ఆ వాకిట్లోనే ఆగాను.

బావ ఆ లాక్ వేసిన కార్డుని తీసుకుని, అగ్గిపెట్టెలో పుల్లలు పారబోసి అందులో పెట్టాడు. “తాత చీర పట్టలే, కార్డన్న పట్టింది” అన్నాడు. తిట్టడానికి నోరు రాలేదు, నవ్వొచ్చింది.

అక్కడి నుంచి పద్ధతి మారింది. చెప్పుకునేంత గొప్ప పద్ధతేం కాదు. ప్రయాణంలో ఉండగా ఏ కార్డూ చెరపకూడదు, నిండితే కొత్తది కొనాలి. అచ్చంపేటలో కొన్నాను. అదే కొట్టులో టీబీ కార్డు అని ఆరు వందలకి చూపించాడు. దండం పెట్టాను. అలాంటివాటిలో ఉండేది ఏ పదహారో ముప్పై రెండో జీబీ. కెమెరాకి మాత్రం టీబీ అని అబద్ధం చెబుతాయి. నిండాక తీసినవన్నీ గాల్లోకే.

రెండో కాపీ బావ ఫోన్లోకి, కార్డుని ఫోన్‌కి తగిలించే చిన్న ఓటీజీ రీడర్ పెట్టి. ఫోన్లో జాగా కోసం ముందు రెండు గంటలు గుడ్ మార్నింగ్ బొమ్మలు తీసెయ్యాల్సి వచ్చింది. ఒక్కోటి తీసేముందు బావ ఎవరు పంపారో చూసుకున్నాడు, కొన్ని తియ్యనివ్వలేదు. కాపీ అయ్యాక లెక్క చూసి సరిపెట్టుకోవడం మానేశాను. ఫోటోలు పెద్ద బొమ్మలుగా పరిచి పైనుంచి కిందికి చూసుకోవడం, లాప్‌టాప్‌లో అయితే టెరాకాపీ అనే ప్రోగ్రాంతో వెరిఫై పెట్టడం. అది రెండు వైపులా ఫైలు లోపలి సరుకు పోల్చి చూస్తుంది.

క్లౌడ్ ఉంది కదా అంటారు. గూగుల్ ఫోటోస్‌లో ఉచితంగా ఎంతైనా అన్న రోజులు 2021 జూన్‌తో పోయాయి. ఇప్పుడు 15 జీబీ, అందులోనే మెయిల్ కూడా. నాకు అది రోజున్నర ఫోటోలకి కూడా చాలదు. అదీ నెట్ ఉంటే. లాడ్జిలో రెండు ఎంబీపీఎస్ వస్తే గొప్ప, ఆ వేగానికి 12 జీబీ ఎక్కడానికి పదమూడు గంటలు దాటుతుంది. నల్లమల అడవి మొదట్లో ఉన్న మన్ననూరు చెక్‌పోస్టు దాటాక ఆ కాస్తా లేదు. రాత్రి తొమ్మిది తర్వాత ఆ గేటు మూస్తారు. అడవిలో సిగ్నల్ లేని ఆ రెండు రోజులు నాకు నిజానికి ప్రశాంతంగానే గడిచాయి. సోమశిలలో, మల్లెలతీర్థంలో, దేవరకొండ కోట మీద తక్కువ తీశాను, ఎక్కువ చూశాను. సాగర్‌లో బుద్ధవనం ఒక పూటంతా పట్టింది. పానగల్లు ఛాయా సోమేశ్వరంలో రోజంతా గర్భగుడి గోడ మీద కదలకుండా ఉండే నీడని తీస్తే, మొత్తం కలిపి పదకొండు ఫోటోలు. బావ “అయిపోయిందా?” అని నమ్మలేనట్టు అడిగాడు.

ఇంటికొచ్చిన రాత్రే, చెరిగిన ఫోటోలు వెతికే ఫోటోరెక్ అనే ప్రోగ్రాం పెట్టాను. ఉచితమే. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, చూడ్డానికి భయపెడుతుంది కానీ పని చేస్తుంది. కార్డులోది ముట్టుకోకుండా దొరికినవి వేరే చోటికి తీస్తుంది. పాత పేర్లు రావు, ఎఫ్ అని మొదలై పొడుగు నంబర్లు. మూడు గంటలు వెతుక్కున్నాను. 6122 దొరికింది, 23, 24 దొరికాయి. అంతకు ముందువి లేవు. వాటి జాగాలో ఉన్నవేంటో చూస్తే తుంగభద్ర మెట్లు, నల్ల కళ్లద్దాలు. నాలుగుకి నాలుగు. అక్కకి చూపిస్తే పడీ పడీ నవ్వింది. బావ నవ్వలేదు.

మర్నాడు గద్వాల అబ్బాయికి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను, తాత చేతుల ఫోటో పోయిందని, మళ్లీ వస్తానని. వాడు “అయ్యో” అనలేదు. “అన్నా, మీరు తాతకి కెమెరాల సూపించినప్పుడు నేను ఫోన్ల కొట్టుకున్న గదా. పంపాల్నా?” అన్నాడు.

వాట్సాప్‌లో వచ్చింది. 94 కేబీ. కెమెరా వెనక తెర కొంచెం వంకరగా, మూలన 6121 అన్న నంబరు, బ్యాటరీ ఒక్క గీత, కింద వాడి బొటనవేలు. తెరలో చేతులు, నూలు వెళ్లి పట్టుని చుట్టుకునే చోటు మసకగా. తెర పక్కన, ఫోకస్ లేకుండా, జారిన కళ్లజోడుతో తాత మొహం సగం, తన చేతుల్ని తనే చూసుకుంటూ. ఆ మొహం నేను తియ్యలేదు. నేనప్పుడు తెర వంకే చూస్తున్నాను.

డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమని అడిగాను, ఇంకొంచెం పెద్దదొచ్చింది. మూడు చోట్ల పెట్టాను. కార్డు ఇంకా అగ్గిపెట్టెలోనే ఉంది.