ఉప్పు ఎక్కువైందని చెప్పిన గురువు

తమ్ముడు పోయిన పదకొండో రోజున మా ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన అమ్మతో "అంతా మన మంచికేనమ్మా, పైవాడికి తెలియదా" అన్నారు. ఓదార్చాలనే అన్నారు. అమ్మ తలూపింది. ఆ తలూపడం రెండేళ్లుగా నా కళ్లలోనే ఉంది.

ఆఫీసు పని మీద వార్సా వెళ్లాల్సి వచ్చినప్పుడు తిరుగు టికెట్ ఒక రోజు ఆలస్యంగా ఉండేలా మార్చుకున్నాను. అక్కడ ఒక పాల క్యాన్ చూడాలి. శనివారం సబ్బాతు, యూదుల విశ్రాంతి దినం కాబట్టి అది ఉన్న చోటు తెరవరు. ఆదివారం పొద్దున్నే బయల్దేరాను.

బాంకోవీ కూడలిలో ట్రామ్ దిగితే ఎదురుగా నీలం అద్దాల ఆకాశహర్మ్యం. 1943 మే 16న నాజీలు పేల్చేసిన పెద్ద యూదు ప్రార్థనా మందిరం ఆ చోటే ఉండేది. దాని పక్కన గ్రంథాలయంగా ఉన్న భవనం మాత్రం మిగిలింది. ఇప్పుడది యూదు చరిత్ర సంస్థ. లోపలికి అడుగుపెట్టగానే కిందికి చూశాను. హాలు నేల మీద ఆనాటి మంటల మచ్చలు అలాగే ఉన్నాయి. వాటి మీద నడవడానికి కాళ్లు రాలేదు. గోడ వారగా వెళ్లాను.

ఆ క్యాన్ మన ఊళ్లలో పాలకేంద్రానికి సైకిల్ మీద వేసుకెళ్లే బిందె లాంటిదే. ఒళ్లంతా తుప్పు. నాజీలు యూదుల్ని గోడ కట్టి బంధించిన ఘెట్టోలో ఏం జరుగుతోందో లోకానికి తెలియాలని చరిత్రకారుడు ఇమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్, ఆయన బృందం కాగితాలు పోగుచేసి, కొన్ని రేకు పెట్టెల్లో, కొన్ని ఇలాంటి పాల క్యాన్లలో పెట్టి నోవొలిప్కి వీధిలో పాతిపెట్టారు. పెట్టెలు 1946లో దొరికాయి. క్యాన్లు 1950 డిసెంబరులో బయటపడ్డాయి. వాటిలోని కాగితాల్లో ఒక హసిదీ గురువు రాతలున్నాయి. హసిదీలంటే యూదుల్లో ఒక భక్తి మార్గం వాళ్లు, తమ గురువును రెబ్బే అంటారు. పియాసెచ్నో రెబ్బే, కలోనిమస్ కల్మన్ షపీరా. తమ్ముడు పోయాక నిద్ర పట్టని రాత్రుల్లో నేను చదివింది ఆయన్నే.

యూదుల్లోనూ "అంతా మంచికే" ఉంది. వాళ్ల ప్రాచీన ధర్మగ్రంథం తాల్ముద్‌లో నహూమ్ అనే ఆయన ఏం జరిగినా "గమ్ జు లెతోవా", ఇదీ మంచికే, అనేవాడు. చివరికి ఆ మాటే ఆయన పేరులో కలిసిపోయింది. ఆయన శిష్యుడు రబ్బీ అకీవాకి ఒక ఊళ్లో బస దొరకలేదు. పొలంలో పడుకుంటే గాలికి దీపం ఆరిపోయింది, పిల్లి కోడిని తినేసింది, సింహం గాడిదను చంపేసింది. దేవుడు చేసేదంతా మంచికే అన్నాడు. ఆ రాత్రి సైన్యం వచ్చి ఊరినంతా చెరపట్టింది. చీకట్లో, నిశ్శబ్దంలో ఉన్న అకీవా ఒక్కడే మిగిలాడు. మన రాజుగారి తెగిన వేలు, మంత్రి కథ లాంటిదే ఇది. కానీ ఆ అకీవానే తర్వాత రోమన్లు ఇనుప దువ్వెనలతో ఒళ్లు చీరి చంపారు. ఆ పూట ఆయన్ని కాపాడే ఉపాయమేదీ కథలో లేదు. ఆఖరి ఊపిరి దాకా ప్రార్థన మాత్రం ఉంది.

షపీరా ఈ రెండు కథలూ తెలిసినవాడు. 1939 సెప్టెంబరు 25న వార్సా మీద జర్మన్ల దాడిలో ఆయన ఒక్కగానొక్క కొడుకు గాయపడ్డాడు. మర్నాడు ఆసుపత్రి బయట ఎదురుచూస్తున్న కోడలు, మరదలు మరో దాడిలో పోయారు. 29న, పండగ రోజున, కొడుకూ పోయాడు. కొద్ది వారాల్లోనే తల్లి కూడా. నవంబరు 4న ఆయన సబ్బాతు ప్రసంగం చేశాడు. ఆ వారం ధర్మశాస్త్ర పారాయణంలో అబ్రహాము భార్య శారా మరణం వస్తుంది. కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోయారని విని ఆమె ప్రాణం పోయిందని పెద్దల వ్యాఖ్యానం.

దాన్ని పట్టుకుని రెబ్బే ఉప్పు గురించి మాట్లాడాడు. ఉప్పు మాంసానికి రుచి తెచ్చినట్టే బాధ మనిషిని శుభ్రం చేస్తుందని తాల్ముద్ పోలిక. ఆయన అంతకు ముందరి గురువు మాటను గుర్తుచేశాడు: ఉప్పు ఎక్కువైతే మాంసం నోట పెట్టలేం, కాబట్టి బాధనూ మోయగలిగినంతే ఇవ్వాలి. ధర్మశాస్త్రం రాసిన మోషే, శారా చావును ఇస్సాకు బలి కథ పక్కనే పెట్టింది కూడా దేవుడికి ఈ సంగతి విన్నవించడానికే అన్నాడు.

నేను వంట చేసేదాన్ని. చారులో ఉప్పు ఎక్కువైతే నీళ్లు పోసి సరిచేస్తాను, మాంసంలోకి ఇంకిన ఉప్పును ఎవరూ వెనక్కి తీయలేరు. ఇది దేవుణ్ణి కాదన్న మనిషి మాట కాదు. గోల్కొండ చెరలో రాముణ్ణి నిలదీసిన రామదాసు మనకు తెలుసు కదా. నిలదీశాడంటే వింటాడన్న నమ్మకం ఉన్నట్టే.

బయటికొచ్చి జెల్నా వీధికి నడిచాను. కాలిబాట మీద ఇనుప పట్టీ: "ఘెట్టో గోడ, 1940–1943". జెల్నా 5లో ఆయన ఇల్లు, ప్రార్థనా స్థలం ఉండేవి. ఇప్పుడు అన్నీ యుద్ధం తర్వాత కట్టిన ఇళ్లే. ఒకావిడ బాల్కనీలో దుప్పట్లు ఆరేస్తోంది. ఇక్కడెక్కడో 1942 మొదట్లో ఆయన, దేవుడు లోపలి గదిలో ఒంటరిగా ఏడుస్తున్నాడని, మనం అక్కడికి వెళ్లి ఆయనతో కలిసి ఏడవాలని చెప్పాడు.

ఆ ఏడాది జులై 22న ఘెట్టో జనం తరలింపు మొదలైంది. సెప్టెంబరు దాకా రెండున్నర లక్షల మందికి పైగా ట్రెబ్లింకా మరణశిబిరానికి పోయారు. నవంబరులో రెబ్బే తన పాత ప్రసంగం ఒకటి తీసి, దాని కింద చిన్న గమనిక రాశాడు. ఇలాంటి కష్టాలు మనకు మునుపూ వచ్చాయని అప్పట్లో చెప్పాను, ఇప్పుడు జరుగుతున్న దానికి మాత్రం పెద్దల మాటల్లో గానీ చరిత్రలో గానీ పోలిక లేదు అని. పాత మాట కొట్టేయలేదు, కొత్త మాట దాచలేదు. 1943 జనవరిలో, ఈ రాతలు దొరికినవారు టెల్ అవీవ్‌లోని తన తమ్ముడికి చేర్చాలని వేడుకుంటూ ఉత్తరం జతచేశాడు. ఆ నవంబరులో ట్రావ్నికి శిబిరంలో ఆయన్ని చంపేశారు. క్యాన్ దొరికేసరికి తమ్ముడూ లేడు.

నా వరకు ఆయన నమ్మకం అంటే ఆ గమనికే. లెక్క కుదరలేదని దేవుడి ఎదుటే రాసి, కాగితాన్ని భద్రం చేయడం.

చివరికి స్తాఫ్కి వీధికి చేరాను. జనాన్ని రైలెక్కించిన చోట తెల్లరాతి గోడలు, వాటి మీద నల్ల చార. లోపల వరసగా పేర్లు, ఇంటిపేర్లు లేవు. పక్కన బైబిల్లోని యోబు మాట: భూమీ, నా రక్తాన్ని కప్పకు, నా మొరకు విశ్రాంతి లేకుండు గాక. గోడ వారన జనం పెట్టిన గులకరాళ్ల పక్కన నేనూ ఒకటి పెట్టాను.

అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ దీపం పెట్టే వేళ. ఉప్పు సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"ఆ రోజు నేనూ అదే అనాలనుకున్నానే. నోరు రాలేదు," అంది. తర్వాత, "ఆయన కొడుకు పేరేంటి?"

"ఎలిమెలెఖ్."

నోరు తిరగక రెండుసార్లు అడిగింది. మూడోసారి సరిగ్గా పలికి, ఉండమని చెప్పి దేవుడి గదిలోకి వెళ్లింది. ఫోన్‌లో అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది.