పేరు తెలియని దాతలకు మా ఇంటి బాకీ

మా అబ్బాయికి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో హీమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య రక్తజబ్బు, ఉందని ఏడాది నిండకముందే తెలిసింది. అప్పటినుంచి పద్నాలుగో ఏట వాడు మమ్మల్ని విడిచి వెళ్ళేవరకు, మూడు నాలుగు వారాలకు ఒకసారి ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి నుంచి బరంపురం తీసుకువెళ్ళి రక్తం ఎక్కించేవాళ్ళం. మాటిమాటికీ రక్తం ఎక్కించడంవల్ల ఒంట్లో పేరుకుపోయిన ఇనుము చివరకు గుండెను దెబ్బతీసింది. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయలేను.

పరామర్శకు వచ్చిన పాతపట్నం బంధువులు "మీతో వాడి రుణం అంతేనమ్మా, తీరిపోయింది" అన్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మనవాళ్ళు ఓదార్పుగా చెప్పే మాటే అది. నాకు మాత్రం లెక్క అలా తోచలేదు. మేమిద్దరం తలసీమియా మైనర్లం, అంటే ఆ లోపాన్ని సగం మోస్తున్నా జబ్బు ముదరనివాళ్ళం; హీమోగ్లోబిన్ తక్కువ. కన్నవాళ్ళమై ఉండీ వాడికోసం ఒక్కసారి రక్తం ఇవ్వలేకపోయాము. వాడిని అన్నేళ్ళు నిలబెట్టినది ఒడియా విద్యార్థులో, తెలుగు వర్తకులో, కొండమీది సవర యువకులో ఇచ్చిన రక్తం. సంచిమీద గ్రూపు, తేదీ, ఒక సంఖ్య ఉంటాయి తప్ప దాత పేరు ఉండదు. బాకీ పడినది మేమే అని అర్థమయ్యాక దుఃఖం తగ్గలేదుగాని, చేయవలసిన పని ఒకటి కనిపించింది.

వాడు పుట్టినది కార్తీకంలో అయినా, రక్తదాన శిబిరం మాత్రం మే నెలలోనే పెడుతున్నాము. ఎర్రకణాలు సంచిలో 35 నుంచి 42 రోజులకు మించి నిలవవు. ఎండాకాలం కళాశాలలు మూసేస్తే దాతలు కరవై, వార్డులో పిల్లలు పాలిపోయిన మొహాలతో ఎదురుచూస్తారు. పుట్టినరోజు మా సెంటిమెంటు, కొరత వాళ్ళ అవసరం.

దీనికంటే కష్టమైన పని పెళ్ళికి ముందు రక్తపరీక్ష చేయించుకోమని చెప్పడం. మాది మేనరికం. మా ఒడియా ఇరుగుపొరుగులో చాలామందికి మేనమామ కూతురు చెల్లెలి వరస కనుక, అమ్మానాన్నలు బావామరదళ్ళని మా పిల్లలు బడిలో చెబితే తోటివాళ్ళు విడ్డూరంగా చూసేవారు. అయితే మేనరికం ఎరుగని ఒడియా కుటుంబాల పిల్లలూ ఆ వార్డులో ఎందరో ఉండేవారు. భార్యాభర్తలిద్దరూ మైనర్లయితే చాలు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. ఒకే తాత మనవలు పెళ్ళాడినప్పుడు ఆ లోపం ఇద్దరికీ సంక్రమించి ఉండే అవకాశం పెరుగుతుంది. ఈ సంగతి తెలుగు వీధిలో చెబితే "సంబంధాలు చెడగొట్టడానికి వచ్చావా?" అని ఒక పెద్దాయన కసిరారు. మేనరికం మానమని నేను ఎవరికీ చెప్పను, పరీక్ష చేయించుకోమనే అంటాను.

తెలుగు వీధిలో నేను, ఒడియా ఇళ్ళలో మా అమ్మాయి మాట్లాడుతాము. తాను తలసీమియా మైనర్‌నని అది దాచదు. పెళ్ళి కావలసిన పిల్ల అలా చెప్పుకోవచ్చా అని మా అత్తగారు బెంగపెట్టుకుంటారు. పద్దెనిమిది నిండగానే రక్తం ఇస్తానని అమ్మాయి ముందుకొచ్చిందిగాని, దాతకు ఉండవలసిన 12.5 గ్రాముల హీమోగ్లోబిన్ దానికి లేదు. అందుకే శిబిరంలో దాతల పత్రాలు నింపే బల్ల దగ్గర కూర్చుంటుంది. వచ్చినవారిని ఒడియాలోనో తెలుగులోనో పలకరించి, ఇంట్లో ఇంకెవరైనా పరీక్ష చేయించుకోవలసినవారు ఉన్నారా అని అడుగుతుంది.