డీఎన్‌ఏ రెప్లికేషన్: ఎంజైమ్‌ల పట్టిక కంటే ముందు ఫోర్క్ గీయండి

కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకోవడమే రెప్లికేషన్. పరీక్షకు ఈ చాప్టర్ అనగానే చాలామంది ఎంజైమ్‌ల పట్టిక రాసుకుని బట్టీ మొదలుపెడతారు. నేను ఆ పట్టికను చివరికి నెట్టేశాను. ముందు పట్టుకున్నది ఒక్కటే రూలు: డీఎన్‌ఏ పాలిమరేజ్ (పోగును కట్టే ఎంజైమ్) కొత్త పోగును 5′ నుంచి 3′ వైపే (ఇవి పోగు రెండు కొసల పేర్లు) పెంచుతుంది, అదీ అప్పటికే ఒక కొస దొరికితేనే.

ఇప్పుడు తెల్లకాగితం మీద ఫోర్క్ (రెండు పాత పోగులు విడిపోయే వై ఆకారపు చోటు) గీసి బాణం గుర్తులు పెట్టండి. పాత పోగులు రెండూ ఎదురెదురు దిశల్లో ఉంటాయి కాబట్టి ఒక కొత్త పోగు ఫోర్క్ వెంట సాఫీగా సాగిపోతుంది. రెండోది ముక్కలుగా తయారవక తప్పదు. అవే ఒకజాకీ ముక్కలు. ప్రతి ముక్కకూ మొదలు కావాలి, అందుకే ప్రైమర్ అనే చిన్న ముక్క. అది ఆర్‌ఎన్‌ఏ కనుక తర్వాత తీసేయాలి, ఖాళీ పూడ్చాలి, లైగేజ్ ఎంజైమ్‌తో అతకాలి. క్రోమోజోమ్ చివర ప్రైమర్ పోయాక ఆ ఖాళీ పూడ్చడానికి అవతల కొస ఉండదు. టెలోమియర్లు (క్రోమోజోమ్ చివరి భాగాలు) ఎందుకు తరుగుతాయో వేరే చదవక్కర్లేదు.

అసలు టెన్షన్ పెట్టేది బ్యాక్టీరియా, మానవ కణం కలగలిసిపోవడం. ఆప్షన్లలో పాలిమరేజ్ 3 కనిపిస్తే అది బ్యాక్టీరియాది. మన కణాల్లో ప్రైమర్ తయారుచేసే ప్రైమేజ్‌తో కలిసి పాలిమరేజ్ ఆల్ఫా మొదలుపెడుతుంది, సాఫీగా సాగే లీడింగ్ పోగును ఎప్సిలాన్, ముక్కలుగా తయారయ్యే లాగింగ్ పోగును డెల్టా చూసుకుంటాయి. ఒకజాకీ ముక్కలు బ్యాక్టీరియాలో 1000–2000 న్యూక్లియోటైడ్లు, మనలో 100–200 మాత్రమే.

ఆరిజిన్ల (నకలు మొదలయ్యే చోట్ల) సంగతి లెక్క కట్టి చూస్తే మర్చిపోరు. ఈ.కోలై బ్యాక్టీరియాకు ఒక్క ఆరిజిన్ చాలు, వేగం సెకనుకు దాదాపు 1000 న్యూక్లియోటైడ్లు. మన ఫోర్క్ వేగం సుమారు 50. మొదటి క్రోమోజోమ్‌లో దాదాపు 25 కోట్ల బేస్ జతలు. నడిమధ్యన ఒకే ఆరిజిన్ ఉండి, రెండు ఫోర్కులు చెరోవైపు నడిచినా దాదాపు నెల పడుతుంది! కణంలో డీఎన్‌ఏ నకలు జరిగే ఎస్ దశ మాత్రం సుమారు 8 గంటల్లో ముగుస్తుంది. వేల ఆరిజిన్లు ఉండబట్టే అది సాధ్యం. అన్ని చోట్ల మొదలైనా ఒకే భాగం రెండుసార్లు కాపీ కాకపోవడానికి కారణం, పోగులను విడదీసే ఎంసీఎం హెలికేజ్‌ను ఆరిజిన్ల మీద అంతకుముందు వచ్చే జీ1 దశలోనే ఎక్కించి, ఎస్ దశ మొదలయ్యాక మళ్లీ ఎక్కనివ్వకపోవడం. స్టేట్‌మెంట్ ప్రశ్నలకు ఇది మంచి సరుకు.

ప్రతి నకలులో ఒక పాత పోగు, ఒక కొత్త పోగు ఉంటాయని చూపిన మెసెల్సన్, స్టాల్ 1958 ప్రయోగానికీ ఫార్ములా అక్కర్లేదు. బరువైన నైట్రోజన్ ఉన్న ఒక డీఎన్‌ఏ అణువుతో మొదలుపెట్టి, తేలిక నైట్రోజన్ మాధ్యమంలో మూడు తరాలు గీయండి. ఎనిమిది అణువులు వస్తాయి, బరువైన పాత పోగులు రెండే. కాబట్టి హైబ్రిడ్ (ఒక బరువైన, ఒక తేలిక పోగు ఉన్నవి) నాలుగో వంతు.