మే ఎండకు నిలిచే ఓవర్‌క్లాక్: మన కర్నూలు గదుల లెక్క

డిసెంబరు రాత్రి పూట గదిలో 24, 25 డిగ్రీలు ఉన్నప్పుడు ఓవర్‌క్లాక్ చేసి (ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా పైకి లాగి), ప్రాసెసర్‌ను పూర్తిగా పని చేయించి స్కోరు ఇచ్చే సినీబెంచ్ ఒకసారి పూర్తయ్యేసరికి "స్టేబుల్" అని రాసుకునేవాళ్లు చాలామంది. అదే సెట్టింగ్‌తో అదే మిషన్ మే నెల మధ్యాహ్నం మిద్దె కింద గదిలో ఆన్ చేస్తే గేమ్ మధ్యలో హ్యాంగ్ అవుతుంది. ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) పోయిందనో, విండోస్ పాడైందనో రిపేరు షాపుకు మోసుకెళ్తారు. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎండాకాలం 42, 43 డిగ్రీలు మామూలే. ఇక్కడ ప్రాసెసర్ ఎంతవరకు లాగుతుందో చూడాలంటే గది వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ పోస్టులో చెప్పేది ఆ లెక్క, ఆ పరీక్ష పద్ధతి.

ముందు ఏది ఓవర్‌క్లాక్ అవుతుందో చూసుకోండి. ఇంటెల్‌లో పేరు చివర కె అక్షరం ఉన్న ప్రాసెసర్, దానికి జెడ్ సిరీస్ బోర్డు కావాలి. ఏఎమ్‌డీ రైజెన్‌లో దాదాపు అన్నీ అన్‌లాక్ అయి ఉంటాయి, కానీ బోర్డు బీ450, బీ550, ఎక్స్570 లాంటిదై ఉండాలి. ఏ320, ఏ520 బోర్డుల్లో ప్రాసెసర్ మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) కదలదు. రైజెన్ 5800ఎక్స్3డీ మాత్రం ఏ బోర్డులో పెట్టినా లాక్ అయ్యే ఉంటుంది. ఇంటెల్ 13, 14 తరాల కె ప్రాసెసర్లు వాడేవాళ్లు అన్నిటికన్నా ముందు బయోస్ (బోర్డు సెట్టింగ్‌ల ప్రోగ్రాం) అప్‌డేట్ చేయాలి. వోల్టేజీ ఎక్కువై చిప్పులు శాశ్వతంగా దెబ్బతింటున్నాయని 2024లో తేలాక ఇంటెల్ కొత్త మైక్రోకోడ్ (చిప్పు లోపలి ప్రోగ్రాం, బయోస్‌తో పాటే వస్తుంది) ఇచ్చింది. అది లేకుండా వాటి జోలికి పోవద్దు.

ఇక అసలు లెక్క. ప్రాసెసర్ తినే కరెంటు క్లాక్ (వేగం)తో పాటు నేరుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గంలో పెరుగుతుంది. 1.20 వోల్టుల దగ్గర 4.2 గిగాహెర్ట్జ్‌లో 80 వాట్లు తీసుకునే ప్రాసెసర్‌ను 4.6కు లాగడానికి 1.32 వోల్టులు అవసరమయ్యాయనుకుందాం. క్లాక్ పెరిగింది తొమ్మిదిన్నర శాతం. వాట్లు పెరిగేది 32 శాతం పైనే, అంటే 106 వాట్లు. గది వేడి కన్నా ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలు పైన ఉందన్నది వాట్లను బట్టే నడుస్తుంది. మొదట గది కన్నా 45 డిగ్రీలు పైన ఉన్నది ఇప్పుడు దాదాపు 60 పైన ఉంటుంది. చలికాలం 27 డిగ్రీల గదిలో అది 87, పరీక్ష పాసైనట్టే కనిపిస్తుంది. మే నెలలో 41 డిగ్రీల గదిలో అది 101. రైజెన్ 5600ఎక్స్ హద్దు 95 డిగ్రీలు, ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావాటికి 100. అంటే రెండూ హద్దు తగిలి క్లాక్ తగ్గించుకుంటాయి. పైగా వేడి పెరిగేకొద్దీ చిప్పులో లీకేజీ (ఊరికే కారిపోయే కరెంటు) పెరిగి వాట్లు ఇంకొంచెం ఎగబాకుతాయి, అదే క్లాక్‌కు కావలసిన వోల్టేజీ కూడా కొంచెం పెరుగుతుంది. చలిలో సరిపోయిన 1.25 వోల్టులు ఎండలో చాలకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి మొదటి పని స్టాక్ (కంపెనీ ఇచ్చిన) సెట్టింగ్‌లో కొలత తీసుకోవడం. బయోస్‌ను డిఫాల్ట్‌లో పెట్టి, ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ ఆపేసి, సినీబెంచ్ ఆర్23ని 10 నిమిషాల మోడ్‌లో నడపండి. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వాట్లు, వోల్టేజీ చూపించే ప్రోగ్రాం) తెరిచి ఉంచండి. స్కోరు, ఎక్కువలో ఎక్కువ వేడి, ప్యాకేజీ (మొత్తం ప్రాసెసర్) వాట్లు, లోడ్ మీద వోల్టేజీ, గది వేడి, ఈ ఐదూ కాగితం మీద రాసుకోండి. గది వేడిని గోడకున్న థర్మామీటర్‌లో చూడొద్దు. క్యాబినెట్ ముందు ఫ్యాన్ గాలి పీల్చే చోట, ఒక జానెడు దూరంలో పెట్టి చూడండి. టేబుల్ కింద, గోడ మూలన పెట్టిన క్యాబినెట్ తాను వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. అక్కడ గదికన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. ర్యామ్‌ను ఎందుకు ఆపమన్నానంటే, ఎక్స్ఎంపీ కూడా ఓవర్‌క్లాకే. రెండూ ఒకేసారి కదిపితే తప్పు ఎక్కడిదో తేలదు. ప్రాసెసర్ పని తేలాక ఎక్స్ఎంపీ పెట్టి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 విడిగా నడపండి.

బయోస్ పేజీలను ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి. బయోస్ సెట్టింగ్‌లను చెరిపేసే సీమాస్ క్లియర్ జంపర్ (రెండు పిన్నులు) ఎక్కడుందో బోర్డు పుస్తకంలో ముందే చూసుకోండి. స్క్రీన్ రాకుండా ఆగిపోతే మెయిన్ వైర్ పీకి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో కొన్ని సెకన్లు కలిపితే డిఫాల్ట్‌కు వస్తుంది. జంపర్ దొరక్కపోతే గుండ్రటి సీఆర్2032 సెల్ తీసి కొన్ని నిమిషాలు ఆగి పెట్టండి.

ఇంటెల్ కె ప్రాసెసర్‌కైతే మాన్యువల్ పద్ధతి సాఫీగా ఉంటుంది. వోల్టేజీని 1.25 దగ్గర స్థిరంగా పెట్టి, అన్ని కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పని చేసే భాగాల) మల్టిప్లయర్‌ను ఒక్కో అంకె పెంచుతూ పోండి. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ కాబట్టి ఒక్కో అంకెకు 100 మెగాహెర్ట్జ్ పెరుగుతుంది. బేస్ క్లాక్‌ను మాత్రం ముట్టుకోవద్దు. ప్రతి అడుగులో సినీబెంచ్ 10 నిమిషాలు. ఎక్కడ పడిపోతుందో అక్కడ 0.01 నుంచి 0.02 వోల్టులు పెంచి మళ్లీ చూడండి. 100 మెగాహెర్ట్జ్ కోసం 0.05 వోల్టులకు పైగా అడిగిందంటే ఆ చిప్పు వంపు దాటేసిందని, ఇక వోల్టేజీ ఎక్కువ లాభం తక్కువ అని అర్థం, అక్కడ ఆపేయడమే మేలు.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టేది లోడ్ లైన్ క్యాలిబ్రేషన్. బయోస్‌లో 1.25 అని పెట్టినా లోడ్ పడగానే అది 1.19కో 1.17కో జారుతుంది. అలా జారకుండా పట్టి ఉంచేదే ఈ సెట్టింగ్. ఆసుస్ బోర్డుల్లో అంకె పెరిగేకొద్దీ పట్టు గట్టిపడుతుంది. ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్ బోర్డుల్లో తిరకాసు, అక్కడ 1 అన్నదే అన్నిటికన్నా గట్టిది. ఒక బోర్డు వీడియో చూసి ఇంకో బోర్డులో అదే అంకె పెట్టడం ప్రమాదం. అన్నిటికన్నా గట్టి లెవల్‌ ఎప్పుడూ పెట్టొద్దు. లోడ్ ఒక్కసారిగా దిగినప్పుడు వోల్టేజీ పెట్టినదానికన్నా పైకి ఎగురుతుంది, ఆ ఎగురుడు సాఫ్ట్‌వేర్ మీటర్‌లో కనపడదు కూడా. మధ్య లెవల్ పెట్టి, కొంచెం జారనివ్వండి.

రైజెన్ 5000 సిరీస్‌కు అన్ని కోర్లనూ ఒకే క్లాక్ దగ్గర కట్టేయడం నాకు నచ్చదు. 5600ఎక్స్ ఒంటి కోర్ మీద తనంతట తానే 4.6 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. మీరు అన్నిటినీ 4.4 దగ్గర కడితే బ్రౌజర్, పాత గేములు అంతకుముందుకన్నా నెమ్మదిస్తాయి. దానికి పీబీవో (రైజెన్ తనంతట తాను పెంచుకునే క్లాక్ హద్దులను సడలించే సెట్టింగ్), కర్వ్ ఆప్టిమైజర్ (ఒక్కో కోర్ వోల్టేజీని తగ్గించే సెట్టింగ్) మంచి దారి. కర్వ్‌లో ఒక్కో అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి, మైనస్ 30 దాకా పోవచ్చు. అన్ని కోర్లకూ ఒకేసారి మైనస్ 30 పెట్టేయమని చెప్పే వీడియోలను నమ్మొద్దు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఒకటి, రెండు ర్యాంకులు చూపించే మంచి కోర్లు ముందే తక్కువ వోల్టేజీతో ఎక్కువ క్లాక్‌లో నడుస్తుంటాయి, వాటికి మిగులు తక్కువ. వాటికి మైనస్ 10, మిగతావాటికి మైనస్ 15 లేదా 20తో మొదలుపెట్టండి. పవర్ హద్దును కూడా పూర్తిగా ఎత్తేయొద్దు. 5600ఎక్స్ స్టాక్‌లో పీపీటీ (ఆ పవర్ హద్దు) 76 వాట్లు. మామూలు 120 ఎంఎం ఫ్యాన్ టవర్ కూలర్ ఉంటే 95, 100 వాట్ల దగ్గర ఆపితే మన ఎండకు సరిపోతుంది. డబ్బాలో వచ్చే స్టాక్ కూలర్‌తో అయితే 76ను కదిలించకండి. కర్వ్ తగ్గించడంతోనే కొంత క్లాక్ కలిసొస్తుంది.

రైజెన్ 7000 ఎక్స్ ప్రాసెసర్ల సంగతి వేరు. పూర్తి లోడ్‌లో 95 దాకా ఎక్కి అక్కడే ఉండటం వాటి డిజైన్. అక్కడ డిగ్రీలు చూస్తే ఏమీ తెలియదు, 95 దగ్గర ఎన్ని వాట్లు, ఎంత క్లాక్ నిలబడుతోందో చూడాలి.

పరీక్షకు రెండు వేళలు కావాలి, ఎందుకంటే ప్రాసెసర్ రెండు రకాలుగా పడిపోతుంది. అన్ని కోర్లూ పని చేస్తూ వేడెక్కి పడటం ఒకటి. దానికి ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 2 నుంచి 5 మధ్య నడపాలి. రెండోది దీనికి పూర్తిగా ఎదురు. ఒక్క కోర్ మీద పని పడి, చిప్పు చల్లగా ఉందని బూస్ట్ (తనంతట తాను పెంచుకునే క్లాక్) ఇంకా పైకి ఎగిరి, కర్వ్‌లో తగ్గించిన వోల్టేజీ అక్కడ చాలక పడటం. ఇది డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఎక్కువ. లెక్కలతో ప్రాసెసర్‌ను అలసగొట్టే ప్రైమ్95 గంటలు గంటలు పాసైన మిషన్ ఊరికే డెస్క్‌టాప్ మీద ఉండగా రీస్టార్ట్ అయిందంటే ఈ రెండో రకమే. దానికి కోర్‌సైక్లర్ అనే స్క్రిప్ట్ ఉంది, ఒక్కో కోర్ మీదే ప్రైమ్95 నడిపి పోతుంది. ఒక్కో కోర్‌కు 6 నిమిషాలు వడపోతకు, చివర్లో ఒక్కో కోర్‌కు గంట. మిషన్‌ను స్లీప్‌లో పెట్టి లేపడం, రాత్రంతా ఆపి పొద్దున చల్లగా ఆన్ చేయడం కూడా పరీక్షలే, వాటిని వదలొద్దు.

వేడి పరీక్షలో ముందు సినీబెంచ్ అరగంట, అది మొదటి వడపోత మాత్రమే. తర్వాత ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ (చిన్న లెక్కల మోడ్), మొదట ఏవీఎక్స్ (బరువైన లెక్కల ఆదేశాలు) ఆపి, తర్వాత పెట్టి. ఏవీఎక్స్‌తో వాట్లు ఒక్కసారిగా ఎగబాకుతాయి, మొదటి ఐదు నిమిషాలు మిషన్ దగ్గరే ఉండండి. హీట్‌సింక్ (ప్రాసెసర్ మీద వేడి లాగే రేకులు) నిలకడకు రావడానికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది, క్యాబినెట్ లోపలి గాలి వేడెక్కడానికి అరగంటకు పైనే. అందుకే ఐదు నిమిషాల స్క్రీన్‌షాట్‌కు విలువ లేదు. ఆఖరున లార్జ్ ఎఫ్ఎఫ్‌టీ (పెద్ద లెక్కల మోడ్), వై-క్రంచర్ అనే ఇంకో పరీక్ష ప్రోగ్రాం. ఇవి మెమరీ కంట్రోలర్‌ను కూడా గట్టిగా కదిలిస్తాయి.

ప్రైమ్95లో తప్పు ఎలా కనిపిస్తుందో చూడండి. విండోలో ఒక్క వర్కర్ (ఒక్కో కోర్ మీద నడిచే పరీక్ష) గుర్తు ఎర్రగా మారి ఆగిపోతుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. "ఫేటల్ ఎర్రర్: రౌండింగ్ వాజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దేన్ 0.4" అని వస్తుంది. మిషన్ హ్యాంగ్ కాలేదు, బ్లూ స్క్రీన్ రాలేదు, కానీ ఆ కోర్ లెక్క తప్పు చెప్పింది. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. క్రాష్ అయితే తెలుస్తుంది. లెక్క తప్పితే జిప్ ఫైలు తెరుచుకోదు, వీడియో ఎక్స్‌పోర్ట్‌లో ఒక ఫ్రేమ్ చెడుతుంది, ట్యాలీ డేటా పాడవుతుంది, కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టదు. ఆ మిషన్ మీద పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, షాపు లెక్కలు రాసేవాళ్లు ఒక్క ఎర్రర్‌ను కూడా "ఒక్కటే కదా" అని వదలకూడదు.

బయటకు ఏమీ కనపడకపోయినా విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో వీయా లాగర్ (WHEA-Logger, హార్డ్‌వేర్ తప్పులు రాసే చిట్టా) ఉందేమో చూడండి. ఐడీ 19 అంటే చిప్పు తప్పు చేసి తానే సరిదిద్దుకుంది, అంచు మీద ఉందన్నమాట. ఐడీ 18 అంటే సరిదిద్దుకోలేక రీస్టార్ట్ అయింది. దాని లోపల ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఉంటుంది. రైజెన్‌లో ఒక్కో కోర్‌కు రెండు థ్రెడ్లు కాబట్టి మామూలుగా 0, 1 మొదటి కోర్, 2, 3 రెండోది, అలా లెక్కపెట్టి ఆ ఒక్క కోర్ కర్వ్‌ను మూడు నాలుగు అంకెలు వెనక్కి తీయండి. బ్లూ స్క్రీన్‌లో క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్ వస్తే చాలావరకు కోర్ వోల్టేజీ చాలనట్టు.

ఇంకో రకం మోసం ఉంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో 4.7 అని చూపిస్తుంది, సినీబెంచ్ స్కోరు మాత్రం స్టాక్‌కన్నా తగ్గుతుంది. రైజెన్‌లో వోల్టేజీ చాలనప్పుడు క్లాక్ లోపల్లోపల సాగదీసినట్టయి నెమ్మదిస్తుంది. ఎఫెక్టివ్ క్లాక్ అనే గీత చూడండి, పూర్తి లోడ్‌లో అది మామూలు క్లాక్‌కు దగ్గరగా ఉండాలి. 100 మెగాహెర్ట్జ్ పైన తేడా ఉంటే కర్వ్ ఎక్కువ లాగినట్టే.

మన ఊళ్లకు సంబంధించినవి మరికొన్ని. బేతంచెర్ల, తాడిపత్రి చుట్టుపక్కల బండల పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్ల మిషన్లలో హీట్‌సింక్ రేకుల మధ్య చేరే పొడి మామూలు దుమ్ములా ఉండదు. పిండిలా సన్నగా ఉండి, తేమ తగిలితే గట్టి పొరలా అంటుకుంటుంది. పైనుంచి చూస్తే శుభ్రంగానే కనపడుతుంది. ఫ్యాన్ తీసి, రేకుల వెనక టార్చి లైటు పెట్టి చూడండి, వెలుగు ఇవతలకు రాకపోతే పరీక్ష మొదలుపెట్టకముందే బ్లోవర్ కొట్టాలి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే పేస్ట్ ఎండిపోయి ఉంటే తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టండి.

నీళ్లు పోసే ఎయిర్ కూలర్ ఉన్న గదిలో వేడి బాగా తగ్గుతుంది, అది నిజమైన లాభమే. చెమ్మ వల్ల లోపల నీరు పడుతుందన్న భయం అక్కర్లేదు, హీట్‌సింక్ ఎప్పుడూ గది కన్నా వేడిగానే ఉంటుంది. కానీ కూలర్ గాలి క్యాబినెట్ మీదికి నేరుగా తగలనివ్వకండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, తుంపరతో పాటు వచ్చి బోర్డు మీద తెల్లగా పేరుకుంటుంది. పరీక్ష మాత్రం కూలర్ ఆపి చేయండి, కరెంటు తక్కువై కూలర్ సరిగా తిరగని రోజు కూడా మిషన్ నిలబడాలి.

టవర్ కూలర్ వేస్తే ప్రాసెసర్ చల్లబడుతుంది గానీ, స్టాక్ కూలర్ కిందికి ఊదే గాలి వీఆర్‌ఎంకు (బోర్డు మీద ప్రాసెసర్‌కు వోల్టేజీ అందించే భాగానికి) అందదు. హీట్‌సింక్ లేని వీఆర్‌ఎం ఉన్న చౌక బోర్డుల్లో అది 100 దాటి, ప్రాసెసర్ 75 దగ్గర ఉండగానే క్లాక్ పడిపోతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వీఆర్‌ఎం మాస్ గీత ఉంటే దాన్నీ రాసుకోండి. లేని బోర్డయితే వెనక ఫ్యాన్ తప్పనిసరి.

యూపీఎస్ లేకుండా పరీక్ష చేయొద్దు. పక్కింట్లో బోరు మోటారు వేయగానే లైట్లు మసకబారే వీధుల్లో, మిషన్ రీస్టార్ట్ అయితే అది కరెంటు తప్పో ప్రాసెసర్ తప్పో తెలియదు. రెండిటికీ ఈవెంట్ వ్యూయర్‌లో ఐడీ 41 ఒక్కటే పడొచ్చు. మామూలు 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే, కాబట్టి ప్రైమ్95తో పాటు గ్రాఫిక్స్ కార్డు టెస్ట్ ఒకేసారి పెట్టకండి.

అన్నీ పాసైన సెట్టింగ్ దొరికాక అక్కడే ఉండిపోకుండా ఒక అడుగు వెనక్కి వేయండి. మాన్యువల్ అయితే 100 మెగాహెర్ట్జ్ తగ్గించండి, కర్వ్ అయితే ప్రతి కోర్‌కూ రెండు మూడు అంకెలు వెనక్కి తీయండి. పేస్ట్ ఎండటానికి, దుమ్ము చేరటానికి, ఏళ్లు గడిచేకొద్దీ చిప్పు కొంచెం ఎక్కువ వోల్టేజీ అడగటానికి ఆ మిగులు. దాన్ని బయోస్‌లో ఒక ప్రొఫైల్‌గా, స్టాక్‌ను ఇంకో ప్రొఫైల్‌గా సేవ్ చేయండి. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు ప్రొఫైళ్లు పోతాయి, అందుకే అంకెలు కాగితం మీద కూడా ఉండాలి. మార్చి ఆఖర్లో, ఎండలు ముదరక ముందు, హీట్‌సింక్ శుభ్రం చేసి స్టాక్ ప్రొఫైల్‌లో అదే 10 నిమిషాల సినీబెంచ్ మళ్లీ నడిపి, మొదటి కాగితంలోని ఐదు అంకెలతో పోల్చండి. వాట్లు అలాగే ఉండి, గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడా ఐదారు డిగ్రీలు పెరిగిందంటే పేస్ట్ మార్చాలి.