బెంగళూరు జయనగర్‌లో సౌండ్ బాత్

కంచు గిన్నె అంచు వెంట చెక్క కర్ర తిరుగుతూ ఉంటే, ఆ నాదం చెవులతో పాటు వీపు కింది నేలలో కూడా తెలుస్తోంది. సౌండ్ బాత్ అంటే నాద స్నానం; నీళ్లు లేని ఈ స్నానంలో మన వంతుగా చేయవలసింది కళ్లకు గుడ్డ కట్టుకొని, దుప్పటి కప్పుకొని వెల్లకిలా పడుకోవడమే. పక్క చాప మీది పెద్దాయన కాసేపటికే గురక అందుకున్నారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నన్ను ఆకట్టుకున్నది, దాదాపు ఒకే శ్రుతి గల రెండు గిన్నెలను కలిపి మోగించినప్పుడు పుట్టిన ఊగిసలాట. ఒకటి సెకనుకు 200 సార్లు, మరొకటి 202 సార్లు కంపిస్తే, వినిపించే ధ్వని సెకనుకు 2 సార్లు పెరిగి తగ్గుతుంది. ఇంటర్‌లో విస్పందనాల పేరిట లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్న విషయాన్నే ఈ రోజు ఒంటితో విన్నాను. తెల్లని స్ఫటిక గిన్నెల మూలం కంప్యూటర్ చిప్‌ల పరిశ్రమలో సిలికాన్‌ను కరిగించే క్వార్ట్జ్ పాత్రలని తెలిసినప్పుడు, ఇది బెంగళూరుకు తగిన ధ్యానమే అనిపించింది.

ఈ నాదానికి ఒంట్లోని కణాలన్నీ శ్రుతి అవుతాయన్న నిర్వాహకురాలి మాటను నేను నమ్మలేదు. ఇలాంటి గిన్నెల నాదం విన్న 62 మందిపై అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో ఉద్రిక్తత, అలసట తగ్గినట్లు కనిపించినా, పోల్చి చూడడానికి మరో బృందం అందులో లేదు. నాకు మాత్రం మెడ పట్టు సడలింది.

వెళ్లదలచినవారు తేలికగా తిని వెళ్లండి. గాంగ్ అనే పెద్ద లోహపు పళ్లెం హఠాత్తుగా ఉరుముతుంది కనుక కొంచెం దూరంగా పడుకోండి. మూర్ఛ వ్యాధి, పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు ముందుగా డాక్టరును అడగడం మంచిది.